అశ్వారోహణ విద్యను మలుపు త్రిప్పిన కాప్రిల్లీ

గుర్రపు స్వారి నేర్పే పాఠశాలల్లో ఒక అలవాటు ఉన్నది. శిష్యుడు కంచె దాటుతున్న క్షణాన ఛాయాచిత్రం తీయిస్తారు. గురువు దానిని బల్లమీద పెట్టి, వ్రేలితో గీతలు గీచి చూపుతూ తప్పొప్పులు చెబుతాడు. రికాబును మోసే తోలుపట్టీ నేలకు నిట్టనిలువుగా ఉన్నదా? మడమ క్రిందికి దిగి ఉన్నదా, పైకి లేచిపోయినదా? మోచేతి నుండి గుర్రం నోటివరకు పగ్గం ఒకే సరళరేఖలో సాగుతున్నదా? రౌతు చూపు ముందున్న దారిమీద ఉన్నదా, గుర్రం మెడమీద వాలినదా? ఈ ప్రశ్నలు నేడు స్వారి నేర్చే పసివారికి సైతం తెలిసినవే. అయితే ఈ కొలబద్దతో 19వ శతాబ్దపు మేటి రౌతుల చిత్రాలను కొలిస్తే వారిలో నిలిచేవారు బహు తక్కువ. అంతవరకు ఒప్పు అనుకొన్నది తప్పుగాను, తప్పు అనుకొన్నది ఒప్పుగాను మారడానికి ప్రధాన కారకుడు ఇటలీ అశ్విక దళానికి చెందిన కాప్టెన్ ఫెదెరికో కాప్రిల్లీ. ఆయన జీవించినది 39 సంవత్సరాలు మాత్రమే.

ఈ కథ చెప్పడానికి మన కళాశాల సంచికలో పరిభాష కొరకు వెదుక్కోవలసిన పని లేదు. జీను, రికాబు, లగాము, సవారి అనే మాటలు ఫారసీ నుండి ఉర్దూ ద్వారా వచ్చి తెలుగులో ఇల్లు కట్టుకొన్నవే. రికాబుకు మన ప్రాచీనులు అంకెవన్నె అన్నారు. అశ్వలక్షణాలను తెలుగు పద్యాలలో వివరించిన మనుమంచి భట్టు హయలక్షణ విలాసము మన సాహిత్యంలో ఉండనే ఉన్నది. కనుక ఉభయ భాషల విద్యార్థులకు ఇందలి మాటలు కొత్త కావు. విషయం మాత్రం ఇటలీ దేశానిది.

కాప్రిల్లీ 1868 ఏప్రిల్ నెలలో టస్కనీ ప్రాంతపు ఓడరేవు పట్టణమైన లివోర్నోలో జన్మించాడు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి సైనిక పాఠశాలలో చేరాడు. తరువాత మొదెనా నగరంలోని సైనిక అకాడెమీలో చదివి 1888లో అశ్విక దళంలో అధికారిగా ప్రవేశించాడు. అయితే అతని శరీర నిర్మాణం గుర్రపు స్వారికి అనువైనది కాదని పరీక్షకులు తొలుత అభిప్రాయపడినట్లు ఆయన జీవితకారులు వ్రాశారు. నిలుచున్న మనిషిని చూచి, కూర్చున్న రౌతును ఊహించి చెప్పిన తీర్పు అది! యువకుడు దానిని పట్టించుకోలేదు. ఆల్ప్స్ పర్వతాల పాదాన ఉన్న పినెరోలో అశ్విక పాఠశాలలో చేరి, అక్కడ నేర్పినదంతా శ్రద్ధగా నేర్చాడు. నేర్చిన తరువాతనే అనుమానించడం మొదలుపెట్టాడు.

ఆనాడు నేర్పినది ఏమిటో తెలియనిదే ఆయన చేసినది ఏమిటో తెలియదు. రౌతు పొడవైన రికాబులతో, కాళ్ళు ముందుకు చాచి, జీనులో లోతుగా కూర్చునేవాడు. గుర్రం కంచెమీదికి ఎగిరినప్పుడు వెన్ను వెనుకకు వాల్చి, పగ్గాలు బిగించి, దాని తలను పైకి లాగేవాడు. అలా లాగితే గుర్రం ముందుభాగం పైకి లేస్తుందనీ, దిగేటప్పుడు బలహీనమైన ముందుకాళ్ళమీద భారం తగ్గుతుందనీ వారి నమ్మకం. ఇంగ్లండులోని వేట చిత్రాలను చూచినవారికి ఈ భంగిమ సుపరిచితమే. చూడడానికి అందులో ఒక రాజసం ఉన్నదని ఒప్పుకోవలసినదే. కాని ఆ రాజసానికి మూల్యం చెల్లించినది గుర్రం. ఎగిరిన ప్రతిసారి నోటిలోని ఇనుము దవడను కోసేది. దిగిన ప్రతిసారి రౌతు బరువంతా దాని నడుముమీద ధబాలున పడేది. బాధ ఎక్కడ కలుగుతుందో పశువుకు తెలుసు. అందుచేత కంచె కనబడగానే అది మొరాయించేది, లేదా భయంతో పిచ్చిగా పరుగెత్తేది. అది గుర్రం పొగరని ఎంచి రౌతు మరింత గట్టిగా లాగేవాడు.

మనిషి కన్ను గుర్రం గమనాన్ని పట్టలేదని అంతకు కొన్నేళ్ళ ముందే రుజువైనది. 1878లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, లీలండ్ స్టాన్‌ఫర్డ్ అనే సంపన్నుని అశ్వశాలలో, ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఛాయాగ్రాహకుడు 12 కెమెరాలను వరుసగా నిలిపి పరుగెత్తే గుర్రాన్ని చిత్రీకరించాడు. దౌడులో నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలను విడిచే క్షణం ఉన్నదని ఆ చిత్రాలు చూపాయి. ఆ క్షణాన కాళ్ళు పొట్ట క్రిందికి ముడుచుకొని ఉంటాయి. చిత్రకారులు మాత్రం అంతవరకు ముందుకాళ్ళు ముందుకు, వెనుకకాళ్ళు వెనుకకు చాపినట్లు వేశారు. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1821లో వేసిన ఎప్సమ్ పందెపు గుర్రాలన్నీ అలా గాలిలో ఈదుతూనే ఉంటాయి. అంతటి మహాచిత్రకారుని కన్ను కూడా మోసపోయినది. తరువాతి దశకంలో పొడి పలకలు వాడుకలోకి రావడంతో క్షణికమైన కదలికను చిత్రించడం సులభమైనది. మన హైదరాబాదులో లాలా దీన్ దయాళ్ ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడై ముసవ్విర్ జంగ్ బిరుదు పొందినది కూడా దాదాపు ఆ కాలంలోనే.

కాప్రిల్లీ చేసిన పని పైకి చాల చిన్నదిగా కనబడుతుంది. రౌతును దించివేసి, జీను తీసివేసి, గుర్రాన్ని ఒంటరిగా కంచెలమీదికి వదలి గమనించాడు. ఆ దూకుళ్ళను ఛాయాచిత్రాలుగా తీయించి పరిశీలించాడు. రౌతు ఎలా కూర్చోవాలన్న ప్రశ్నకు జవాబును రౌతు లేని గుర్రంలో వెదకడం ఆయన ప్రత్యేకత. ఆ చిత్రాలలో కనబడినది ఇది: గుర్రం ఎగిరేటప్పుడు తల, మెడ ముందుకూ క్రిందికీ చాచి, దొమ్మరివాడు తాడుమీద గడను వాడినట్లు వాటిని వాడుతుంది, వెన్నును విల్లువలె వంచుతుంది, దిగేటప్పుడు ఎల్లప్పుడూ ముందుకాళ్ళమీదనే దిగుతుంది. రౌతు ఎంత వెనుకకు వాలినా, ఎంత గట్టిగా పగ్గం లాగినా, ఆ చివరి సంగతి మారదు. అంటే తరతరాలుగా ముందుకాళ్ళను కాపాడడానికి చేసిన ప్రయత్నమంతా వాటిని కాపాడలేదు. మెడను బంధించి, నడుమును విరిచినదంతే.

అక్కడి నుండి తక్కినదంతా క్రమంగా తేలినది. గుర్రం ముందుకు పోతుంటే దాని తూనిక బిందువు కూడా ముందుకు పోతుంది. రౌతు దానితోబాటు పోవాలి. అందుకు రికాబులు పొట్టి చేయాలి. మోకాలు, మడమ బరువును మోయాలి. పిరుదులు జీనునుండి తేలికగా లేవాలి. నడుము వద్ద వంగి, వెన్ను ముందుకు వాల్చాలి. చేతులు గుర్రం నోటిని అనుసరించి ముందుకు సాగాలి. దానిని పట్టుకొని వ్రేలాడరాదు. పిక్క, పాదం మాత్రం కదలక నిలవాలి. లోకం దీనిని ముందువాలు ఆసనమని పిలిచినది. పందెపు మైదానాలలో అమెరికా జాకీ టాడ్ స్లోన్ 1897లో ఇంగ్లండుకు తెచ్చిన పొట్టి రికాబుల పద్ధతి కూడా ఈ కాలానిదే. అయితే దాని లక్ష్యం వేగం. కాప్రిల్లీ కోరినది, గుట్టలు, కందకాలు, కంచెలు గల ఎగుడుదిగుడు నేలమీద సామాన్య సైనికుడు గుర్రాన్ని బాధించక రోజంతా స్వారి చేయగలగడం.

సైన్యంలో పై అధికారుల ఎదుట ఇట్టి మాట చెప్పడం సులభం కాదు. కొత్త భంగిమ వారి కంటికి వికారంగా తోచినది. అశ్విక దళాధికారి నిటారుగా కూర్చోవలసినవాడే గాని, గుర్రం మెడమీదికి వంగవలసినవాడు కాడని వారి భావం. కాప్రిల్లీ దక్షిణ ఇటలీలోని దళానికి బదిలీ అయ్యాడు. ఈ బదిలీకి కారణం ఆయన సిద్ధాంతమేనని కొందరు, ఒక ప్రేమ వ్యవహారమని మరికొందరు చెబుతారు. మనిషి సౌమ్యుడేమీ కాదు, విలాసప్రియుడు, ముక్కుసూటివాడు. ఏది ఏమైనా ఆ ప్రవాసం ఆయనకు మేలే చేసినది. అక్కడ ఆయన చేతికి వచ్చినవారు ఎన్నికైన రౌతులు కారు. పల్లెల నుండి సైన్యంలో చేరిన మామూలు జవానులు. వారికీ, వారి మామూలు గుర్రాలకూ తన పద్ధతి నేర్పి అది పనిచేస్తుందని చూపించాడు. నా దృష్టిలో ఆయన జీవితంలోని అతి ముఖ్యమైన ఘట్టం ఇదే. నిపుణుడు ఏ భంగిమలోనైనా నెగ్గుకు రాగలడు. పద్ధతికి అసలు పరీక్ష సామాన్యుని వద్దనే జరుగుతుంది.

1901లో ఇటలీ అశ్విక దళ పత్రికలో ఆయన తన సిద్ధాంతాన్ని వ్యాసాలుగా ప్రకటించాడు. కాని కలం ఆయనకు ఇష్టమైన ఆయుధం కాదు. లోకానికి కనువిప్పు కలిగించినది 1902లో టురిన్ నగరంలో జరిగిన అంతర్జాతీయ పోటీ. అక్కడ కాప్రిల్లీ మెలోపో అనే గుర్రంపై 2.08 మీటర్ల ఎత్తు దాటాడు. మనలో పొడగరి అయిన మనిషి తలపైగా గుర్రమూ రౌతూ కలిసి వెళ్ళడమన్నమాట! కొద్ది కాలానికి ఆయన పద్ధతి ఇటలీ సైన్యానికి అధికారిక పద్ధతి అయినది. పినెరోలోలోను, రోము సమీపాన గల తోర్ ది క్వింతోలోను ఆయన బోధనలు సాగాయి. తోర్ ది క్వింతోలో గోడవలె నిలువుగా ఉన్న ఏటవాలు గట్టునుండి అధికారులు గుర్రాలతో జారి దిగుతున్న చిత్రాలు దేశదేశాల పత్రికలలో వచ్చాయి. ఆ చిత్రాలను నిదానించి చూస్తే, అంతటి వాలులో కూడా రౌతు వెనుకకు వాలక గుర్రంతోబాటు ముందుకే వంగి ఉండడం గమనించవచ్చు.

1907 చలికాలం. టురిన్‌లో ఆయన ఒక గుర్రాన్ని నెమ్మదిగా నడిపిస్తున్నాడు. కంచె లేదు, కందకం లేదు, దౌడైనా లేదు. నడకలో ఉన్న గుర్రంమీది నుండి పడి తలకు దెబ్బ తగిలి, డిసెంబరు 6న మరణించాడు. పెద్ద గ్రంథం ఏదీ వ్రాయనే లేదు. ఆయన విద్య మిగిలినది శిష్యుల శరీరాలలోను, కొన్ని వ్యాసాలలోను, ఛాయాచిత్రాలలోను.

అవే చాలినవి. ఐరోపా దేశాల అధికారులు ఇటలీకి వచ్చి నేర్చుకొన్నారు. పినెరోలోలో నేర్చిన రష్యా అధికారి పాల్ రొద్జియాంకో తన దేశపు జట్టుతో లండనులో విజయాలు సాధించి, 1928 నుండి ఐర్లండు సైనిక పాఠశాలలో బోధించాడు. 1920 ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో ఇటలీకి చెందిన తొమ్మాసో లెక్వియో కంచెలు దాటే పోటీలో స్వర్ణపతకం గెలిచాడు. 1932 లాస్ ఏంజెలిస్‌లో అదే పోటీలో స్వర్ణం పొందిన జపాను అధికారి తాకేయిచి నిషి స్వారి చేసిన గుర్రం ఇటలీలో కొన్నది; రజతం పొందిన అమెరికా అధికారి హ్యారీ చేంబర్లిన్ తోర్ ది క్వింతోలో చదివినవాడు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో మన దేశపు రఘుబీర్ సింగ్ త్రివిధ అశ్వ పోటీలో స్వర్ణం గెలిచినప్పుడు కూడా ఆ కంచెలమీద కనబడినది ఈ ఆసనపు సంతతియే.

కాప్రిల్లీ చెప్పినదంతా నిలిచినదని కాదు. మైదానపు గుర్రానికి పాఠశాలలోని సూక్ష్మ శిక్షణ అనవసరమని ఆయన త్రోసిపుచ్చాడు. తరువాతి గురువులు ఆయన ఆసనాన్ని ఉంచుకొని, ఆ శిక్షణను కూడా కలుపుకొన్నారు. వారి మార్గమే మేలైనదని నేడు అందరూ ఎరుగుదురు. ఛాయాచిత్రానికి కూడా ఒక పరిమితి ఉన్నది. అది ఒక్క క్షణానికే సాక్షి. కెమెరా కొంచెం ముందునుండి చూస్తే నిలువుగా ఉన్న కాలు వెనుకకు పోయినట్లు కనబడుతుంది. గుర్రం జారిన క్షణంలో తీసిన చిత్రంలో మంచి రౌతు కూడా చెడ్డవాడుగా తోస్తాడు. అందుకే తెలిసిన గురువు ఒక్క చిత్రం చూచి తీర్పు చెప్పడు. పైకెగిరినది, గాలిలో ఉన్నది, దిగినది మూడూ తెమ్మంటాడు. మూడింటిలోను రౌతు మడమకంటె ముందు గుర్రం ముఖాన్ని చూస్తాడు. చెవులు ముందుకు నిలిచి, నోరు మూసి, మెడ చాచి ఉంటే, రౌతు ఆకృతిలోని చిన్న లోపాలను తరువాత మాట్లాడుకొంటారు.

కాప్రిల్లీ వ్యాసాలను ఆయన అనుయాయి పియరో సాంతినీ ఆంగ్లంలోకి అనువదించగా 1967లో లండనులో పుస్తకంగా వెలువడినవి. అది చాల సన్నని పుస్తకం.