మునిగిన బ్యాంకు చోట మన బ్యాంకు

తడ: పొరుగునే ఉన్న మద్రాసు నగరంలో 1906 అక్టోబరు 22న ఆర్బత్‌నాట్ కంపెనీ బ్యాంకు దివాలా తీసింది. తెల్లదొరల సంస్థ గనుక ఢోకా లేదని నమ్మి సొమ్ము దాచుకున్న వేలాదిమంది వీధిన పడ్డారు.

తంజావూరు జిల్లాలో 1863లో జన్మించిన వి. కృష్ణస్వామి అయ్యర్ అప్పటికే మద్రాసులో పేరుమోసిన న్యాయవాది. ఆయన నష్టపోయినవారి పక్షాన నిలిచారు. కంపెనీ అధిపతి సర్ జార్జి ఆర్బత్‌నాట్‌కు 18 నెలల కఠిన శిక్ష పడింది.

దొర జైలుకెళ్లినంత మాత్రాన పోయిన సొమ్ము తిరిగిరాదు. అందుకే అయ్యర్, చెట్టియార్లు తదితర వర్తకులను కూడగట్టి స్వదేశీ బ్యాంకు స్థాపనకు పూనుకున్నారు. 1907 ఆగస్టు 15న ఇండియన్ బ్యాంకు పని ప్రారంభించింది.

తరువాత హైకోర్టు న్యాయమూర్తిగానూ పనిచేసిన అయ్యర్ 1911 డిసెంబరులో, 48 ఏళ్లకే కన్నుమూశారు. 1969లో జాతీయమైన ఆ బ్యాంకు నేటికీ నడుస్తోంది.