బ్రౌనుదొర ఆంధ్రభాషాపరిశ్రమము

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండునకు మరలెను. హెయిలీబరీ కళాశాలలో చదివి 1817లో చెన్నపట్టణము చేరునాటికి ఆయనకు తెలుగక్షరము రాదు. కంపెనీ యువోద్యోగులకు దేశభాషలు నేర్పి పరీక్షించుటకై అచట 1812లో ఫోర్టు సెంటుజార్జి కళాశాల ఏర్పడియుండెను. వెలగపూడి కోదండరామపంతులుగారు ఈయనకు తెలుగు నేర్పిరి. 1820లో కడపకు ఉద్యోగియై వెళ్లెను.

ఉద్యోగమునకు కావలసిన భాష అంతటితో చాలును. బ్రౌను అచట నిలువలేదు. 1824లో వేమన పద్యములు ఆయన దృష్టికి వచ్చినవి. నానాప్రాంతముల తాళపత్రప్రతులను తెప్పించి, లేఖకులచే ఎత్తివ్రాయించి, పండితులచే పాఠభేదములు గుర్తింపజేసి, 1829లో 693 పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. 1839 నాటి ముద్రణములో ఆ సంఖ్య 1164కు పెరిగినది. 1827లోనే ఛందస్సును గూర్చి గ్రంథము వెలువరించెను. ఛందస్సు తెలియక పాఠనిర్ణయము చేయరాదని ఆయన గ్రహించుట మెచ్చదగినది. నేటి పరిశోధకులలో కొందరికి ఈ మెలకువ కొఱవడుచున్నది.

కడపలోని ఆయన బంగళాయే పండితులకు కార్యశాల. జనులు దానిని బ్రౌను కాలేజీ యనిరి. జీతములకు, వ్రాతపనికి అప్పులు చేసియు వెనుదీయలేదు. అయినను ఒకమాట చెప్పక తప్పదు. ప్రతులను శోధించినవారు, వ్యాఖ్యలు వ్రాసినవారు జూలూరి అప్పయ్య మున్నగు మన పండితులు. కీర్తి అధికభాగము దొరగారికి దక్కినది. దొర లేనిచో ఆ శ్రమ అచ్చునకెక్కెడిది కాదనుటయు సత్యమే.

నాచారమునకు పడమట, తార్నాక చేరువ, 1958లో కేంద్రీయ ఆంగ్లసంస్థగా వెలసి, 1972లో విదేశీభాషలను చేర్చుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన సంస్థ యున్నది. అచట ఫ్రెంచి, జర్మను, రష్యను భాషలలో పరిశోధనోపాధి నర్థించు మనబిడ్డలు బ్రౌనునకు ప్రతిముఖముగా నడచువారు. ఆ భాషలు తల్లిభాషగా గలవారి చెంత కూర్చుండి, మూలప్రతులు చూడక, అనువాదములతోనే సిద్ధాంతవ్యాసము ముగించుట వారికి తగదు.

సెలవుపై లండను వెళ్లినపుడు ఈస్టిండియా కంపెనీ గ్రంథాలయమున పడియున్న దక్షిణదేశ వ్రాతప్రతులను వెలికితీసి, మదరాసునకు పంపించెను. 1840లో వ్యాకరణము, 1852లో తెలుగు–ఆంగ్ల నిఘంటువు వెలువడినవి. 1855లో భారతదేశము విడిచి, 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడై, 1884 డిసెంబరు 12న అచటనే మరణించెను.

కడప బంగళా శిథిలమైపోగా, జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారి కృషివలన ఆ స్థలముననే ఆయన పేర గ్రంథాలయము నిర్మితమైనది. తరువాత అది యోగి వేమన విశ్వవిద్యాలయమున భాషాపరిశోధన కేంద్రమైనది. తాళపత్రములు అందు మరల చేరినవి.