బెడ్‌పాన్లు కడుగుతూ హార్వర్డ్‌లో చదివారు

చేతిలో డిగ్రీ ఉంది, దానికి తగ్గ ఉద్యోగం లేదు. ఇప్పటి పెనుగొండ కుర్రాళ్లకే కాదు, పొరుగున భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకూ ఇదే పరిస్థితి ఎదురైంది.

మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి సర్జరీ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగు జబ్బు తీసుకుపోయింది.

మామగారి సాయంతో అమెరికా చేరారు. హార్వర్డ్‌లో సీటైతే దొరికింది గానీ స్కాలర్‌షిప్ లేదు. పగలు చదువు, రాత్రి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో పోర్టర్ పని. డాక్టరు చదువు చదివిన మనిషి రోగుల బెడ్‌పాన్లు కడిగారు.

1925 నాటికి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతితో పేరొచ్చింది. అయినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే కంపెనీకి మారారు. అక్కడ ఆయన బృందం స్ప్రూకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసింది. గోదావరి జిల్లాలను పీడించిన బోదకాలుకు హెట్రజాన్ ఇచ్చింది. అదే బృందంలో 70 దాటిన డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ కనుగొన్నారు. టెట్రాసైక్లిన్లలో మొదటిదైన ఆ మందు 1948లో లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే సుబ్బారావు కన్నుమూశారు.

అయితే మందుతోనే పని పూర్తవలేదు. యాంటీబయోటిక్స్ ఎక్కువగా వాడిన పెద్దవాళ్ల పేగుల్లో మంచి బ్యాక్టీరియా చచ్చి, క్లాస్ట్రిడియాయిడీస్ డిఫిసైల్ అనే క్రిమి పెరుగుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. చేతుల మీదుగా, బెడ్‌పాన్ల మీదుగా వార్డంతా పాకుతుంది. శానిటైజర్‌కు దాని స్పోర్లు చావవు. చేతులు సబ్బుతో కడగాలి, రోగిని వేరే గదిలో ఉంచాలి, బెడ్‌పాన్లు, మంచాలు బ్లీచింగ్‌తో శుభ్రం చేయాలి, అవసరం లేని యాంటీబయోటిక్ ఆపాలి. సుబ్బారావు రాత్రిళ్లు చేసిన పనికి ఇప్పటికీ అంత విలువుంది.

ఇందులో ఉద్యోగాలూ ఉన్నాయి. ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కావాలంటే ఆస్పత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ బృందం ఉండాల్సిందే. నర్సింగ్, మైక్రోబయాలజీ చదివినవాళ్లు అటువైపు చూడొచ్చు. మొదటి పని చిన్నదని వదులుకోకండి, దాంతోపాటు చదువూ ఆపకండి. సుబ్బారావు చేసిందీ అదే.