విజ్ఞాన చంద్రికను వెలిగించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావు



ఆకాశమును, నక్షత్రములను, నేలలోని పదార్థములను పరిశోధించి క్రొత్త సంగతులు కనిపెట్టువారు కొందరు. ఆ సంగతులను సామాన్యుని గుమ్మము వరకు మోసికొని వచ్చువారు మరికొందరు. మొదటివారి పేర్లు బడిపుస్తకములలో నిలిచియుండును. రెండవవారిని మనము త్వరగా మరచిపోవుదుము. అట్టి రెండవ తరగతివారిలో ఒకరి జీవితమును ఈ నెల చెప్పదలచితిని. ఆయన చిన్నతనములో కొంతకాలము గడచినది మన మోత్కూరునకు పడమటనున్న భువనగిరిలోనే. గనుక ఆయన సంగతి మనము ఎరిగియుండుట న్యాయము.

ముందు ఒక గ్రహణమును గూర్చి చెప్పవలెను. 1868 ఆగస్టు 18వ తేదీన తెలుగుదేశము మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణము సాగిపోయెను. దానిని చూచుటకే జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సముద్రము దాటి గుంటూరునకు వచ్చెను. వెలుగును రంగులుగా విడదీయు పరికరముతో ఆయన సూర్యుని అంచున లేచు జ్వాలలను పరీక్షించి, అవి ముఖ్యముగా ఉదజని వాయువు మండుచున్నట్లు కనబడు రాసులని తెలిసికొనెను. గ్రహణము విడిచిన మరునాడు కూడ, పట్టపగలు, వాటిని చూడగలిగెను. ఆ సంవత్సరమే సూర్యుని వెలుగులో గుర్తించిన ఒక పసుపుపచ్చని గీతనుబట్టి హీలియము అను పదార్థము లోకమునకు తెలిసెను. అది భూమిమీద దొరుకుటకు 1895 వరకు ఆగవలసి వచ్చెను. అనగా సూర్యుని గూర్చిన గొప్ప సంగతి ఒకటి మన గుంటూరులో, మన తెలుగువారి నెత్తిమీదనే బయలుపడెను. అయితే గ్రహణమనగానే కుండల మీద దర్భ వేసి, పట్టుస్నానము, విడుపుస్నానము చేయుచు, గర్భిణులను చీకటి గదిలో కూర్చుండబెట్టు మన పల్లెలవారికి ఆ సంగతిని వారి భాషలో ఎవరు చెప్పవలెను? ఏ పుస్తకములో వారు చదువుకొనవలెను? వారిని అజ్ఞానులని నవ్వుట సులభము. చెప్పువాడు లేనప్పుడు విననివానిది తప్పు కాదు.

గుంటూరునకు ఉత్తరముగా, మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు అను ఊరు కలదు. ఆ గ్రహణము గడచిన తొమ్మిదేండ్లకు, 1877 మే 18న, కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు అక్కడ జన్మించెను. మూడేండ్ల పసివాడుగా నున్నప్పుడే తండ్రి వెంకటప్పయ్యగారు మరణించిరి. తల్లి గంగమ్మగారు. సవతి అన్న శంకరరావుగారి ఆశ్రయమున పిల్లవాడు భువనగిరిలో పెరిగి, ఆ కోటగుట్ట నీడలోనే తొలిచదువు చదివెను. పిమ్మట అక్క ఇంటికి, అనగా నాగపూరునకు పోయెను.

ఆ అక్కను గూర్చి ఆగి చెప్పవలెను. బండారు అచ్చమాంబ తమ్మునికంటె మూడేండ్లు పెద్దది. పదవ యేటనే ఆమెను మేనమామయైన మాధవరావుగారికిచ్చి పెండ్లి చేసిరి. ఆడపిల్లకు చదువెందుకను దినములవి. ఆమెకు బడి అనునది లేదు. తమ్ముడు చదువుకొనుచుండగా ప్రక్కన కూర్చుండి ఆమెయు నేర్చుకొనెను. తాను బడిలో నేర్చిన దానిని తమ్ముడు ఇంటికి వచ్చి అక్కకు చెప్పుచుండెను. ఆ విధముగా తెలుగు, హిందీ, పిమ్మట మరాఠీ మొదలైన భాషలు ఆమెకు పట్టుబడెను. ఆమెయే 1901 ప్రాంతమున అబలా సచ్చరిత్ర రత్నమాల అను స్త్రీల చరిత్రలు వ్రాసెను. తెలుగున తొలి కథలు వ్రాసినవారిలో ఆమె పేరు నేడు ముందు చెప్పబడుచున్నది. కన్నబిడ్డలిద్దరిని పోగొట్టుకొని, ఇతరుల పిల్లలను చేరదీసి చదివించిన ఆ తల్లి 1905లో, ముప్పదియవ యేటనే, మరణించెను.

లక్ష్మణరావు తరువాత చేసిన గొప్ప పనులన్నిటికి మొదలు ఆ ఇంటిలోనే నున్నదని నా తలంపు. తనకు తెలిసినది ప్రక్కనున్న మనిషికి తెలియకపోవుట ఆయనకు అప్పువలె తోచెను. విద్య కొందరికి నగ, కొందరికి కత్తి. ఆయనకది అప్పు.

నాగపూరులో ఆయన బి.ఎ. పట్టము పొంది, ఉద్యోగములో నుండగానే ఎం.ఎ. కూడ చదివెను. మరాఠీలో వ్యాసములు వ్రాయునంత పాండిత్యము సంపాదించెను. మహారాష్ట్రులు తమ భాషలో చరిత్రలు, శాస్త్రములు వ్రాసికొనుచుండగా తెలుగువారికి అట్టివి కొద్దిగానే యుండుట ఆయన కన్నులార చూచెను. అప్పుడు మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారు ఆయనను తమ సంస్థానమునకు పిలిచిరి. ఆయన అక్కడ దివానుగా చాలకాలము పనిచేసెను. మునగాల పరగణా వింతయైన స్థలము. చుట్టును నైజాము ఇలాకా, నడుమ దీవివలె ఆ పరగణా మాత్రము ఇంగ్లీషువారి కృష్ణా జిల్లాకు చెందియుండెను. నేడది సూర్యాపేట జిల్లాలోనిది. మద్రాసు వైపు గాలియు, హైదరాబాదు వైపు గాలియు తగులు అట్టి చోట ఆయన నిలువబడుట మంచిదే అయ్యెను.

ఆ దినములలో నైజాము రాజ్యమున కచేరీ భాష ఉర్దూ. తెలుగు బిడ్డకు తెలుగు బడి అరుదు. 1901లో హైదరాబాదునందు రెండు పనులు జరిగెను. నవాబు జఫర్ జంగు ఇంగ్లాండు నుండి పెద్ద దూరదర్శిని తెప్పించి ఫిసలుబండలో నక్షత్రశాల కట్టించెను. అది ఆయన మరణానంతరము ప్రభుత్వమువారి చేతికి వచ్చి, బేగంపేటకు మార్చబడి, నిజామియా నక్షత్రశాల అను పేర లోకములోని ఇతర నక్షత్రశాలలతో కలిసి ఆకాశపటము తయారుచేయు పనిలో పాలు పంచుకొనెను. అదే యేట సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజాగారు, లక్ష్మణరావుగారు మొదలైనవారు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము అను తెలుగు గ్రంథాలయమును తెరచిరి. ఒకచోట నక్షత్రములను లెక్కించుట, ఒకచోట అక్షరములను పంచిపెట్టుట. రెండును అవసరమే. అయితే రెండవది లేనియెడల మొదటిదాని ఫలము ఫిసలుబండ గోడలలోపలనే నిలిచిపోవును గదా.

ఐదేండ్లకు, 1906లో, ఆయన తన స్నేహితులతో కూడి విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించెను. 1908లో అది మద్రాసునకు మారెను. మండలి మొదటి పుస్తకము ఏదియో తెలిసినయెడల మీరు ఆశ్చర్యపడుదురు. అది గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్ర. బీద గుడిసెలో పుట్టి, ఎరవు తెచ్చిన పుస్తకములతో చదువు నేర్చిన మనిషి కథతో ఆరంభించుట ఊరక జరిగినది కాదు. పాఠకుడు ముందు తాను చదువగలనని నమ్మవలెను. శాస్త్రము ఆ తరువాత.

శాస్త్రములును వచ్చెను. ఆచంట లక్ష్మీపతిగారు వైద్యులు. వారిచేత జీవశాస్త్రము వ్రాయించిరి. మంత్రిప్రగడ సాంబశివరావుగారు పదార్థ విజ్ఞానమును, వేమూరి విశ్వనాథశర్మగారు రసాయన శాస్త్రమును వ్రాసిరి. లక్ష్మణరావు స్వయముగా చరిత్రకారుడు. ఈ శాస్త్రములలో పండితుడనని చెప్పుకొనలేదు. హిందూదేశ చరిత్రమును తానే వ్రాసెను. మిగిలిన విషయములకు ఆ విషయము తెలిసినవానిని వెదకి, వెంటబడి వ్రాయించెను. ఇది చిన్న పని కాదు. తెలిసినవారు సాధారణముగా వ్రాయరు. వ్రాసిన యెడల ఎవరికిని తెలియకుండ వ్రాయుదురు. అట్టివారి ముందు చదువరి పక్షమున కూర్చుండి, మరియొకసారి తేటగా చెప్పుమని అడుగువాడు కావలెను. నెహెమ్యా గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో ఎజ్రా ధర్మశాస్త్రము చదువుచుండగా లేవీయులు జనుల మధ్య నిలిచి దాని భావము తెలియజెప్పిన సంగతి మీకు తెలిసినదే. ఎజ్రా పేరు అందరికి గుర్తుండును. ఆ లేవీయుల పేర్లు కూడ అక్కడ వ్రాయబడియున్నవి, చూడుడి.

మాటల కష్టమొకటి. ఆక్సిజనును ఆమ్లజని యనవలెనా, ఇంగ్లీషు మాటనే ఉంచవలెనా? సంస్కృతపు మాట పెట్టిన పండితుడు సంతోషించును గాని కాపువానికి అదియు ఇంగ్లీషే. మండలి పుస్తకములు గ్రాంథిక భాషలోనే వెలువడెను. అయినను వాక్యము పొట్టిది, చెప్పు వరుస తిన్ననిది. నన్నడిగిన యెడల ఇంకను క్రిందికి దిగవలసినదని అందును. అక్షరము రాని కూలివాని యొద్దకు ఆ పుస్తకములు చేరలేదు. అయితే ఆ కాలపు గ్రంథములతో పోల్చి చూచినవాడు ఆయనను తప్పుపట్టడు.

పుస్తకము అచ్చువేసి బీరువాలో పెట్టుటతో ఆయన ఊరకుండలేదు. చందాదారులను చేర్చి వారికి తక్కువ వెలకు ఇచ్చెడివారు. ఆ పుస్తకముల మీద పరీక్షలు పెట్టిరి. నవలలకు పోటీలు పెట్టి బహుమానములిచ్చిరి. నవలకై చందా కట్టినవాని ఇంటికి రసాయన శాస్త్రము కూడ చేరెను! ఇట్టి ఉపాయము తెలియని మంచి పుస్తకములెన్నియో చెదలపాలగుచున్నవి.

ఈ త్రోవలో ఆయన మొదటివాడు కాడు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు అంతకు ముందే జ్యోతిశ్శాస్త్ర సంగ్రహము, శరీరశాస్త్ర సంగ్రహము మొదలైనవి తెలుగున వ్రాసియుండిరి. అక్క అచ్చమాంబ పుస్తకమును ప్రచురించినదియు పంతులుగారే. ఆ స్నేహము కడవరకు నిలిచెను. 1919లో పంతులుగారు మద్రాసున లక్ష్మణరావుగారి ఇంటిలోనే కన్నుమూసిరి.

ఇక ఆయన చివరి పని. ఇంగ్లీషువారికి బ్రిటానికా యున్నట్లు తెలుగువారికి సమస్త విషయములను అకారాదిగా చెప్పు విజ్ఞాన సర్వస్వము కావలెనని 1912-13 ప్రాంతమున ఆరంభించెను. హరిసర్వోత్తమరావు, మల్లంపల్లి సోమశేఖరశర్మ, రాయప్రోలు సుబ్బారావుగార్లు తోడ్పడిరి. మూడు సంపుటములు వెలువడెను. అంతటితో ఆగిపోయెను. అక్షరక్రమమున పోవుటచేత వర్ణమాల మొదట దగ్గరనే నిలిచిపోయి, సూర్యుడు, నక్షత్రములు అను మాటలకు ఆ గ్రంథము ఎన్నడును చేరలేదు. జనులకు ముందు కావలసినది ముందు పెట్టియుండినయెడల బాగుండునని నాకు తోచును. అయినను చేయి తిరిగిన మనిషి అంత పెద్ద పనికి పూనుకొన్నప్పుడు ఒడ్డున నుండి చెప్పుట తేలిక. ధనము చాలలేదు, ఆరోగ్యము చాలలేదు. మరల ఆరంభింపవలెనను ఆశతోనే 1923 జులై 12న, నలువదియారేండ్ల వయసున, ఆయన మద్రాసులో మరణించెను.

పని ఆగలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ సంపుటములను మరల సిద్ధపరచి అచ్చువేయించిరి. 1947లో ఏర్పడిన తెలుగు భాషాసమితి, అక్షరక్రమము మాని, విషయమునకొక సంపుటముగా విజ్ఞాన సర్వస్వమును వెలువరించెను.

లక్ష్మణరావు 1906లో పుట్టిన తన కుమార్తెకు చనిపోయిన అక్క పేరే పెట్టుకొనెను. ఆ రెండవ అచ్చమాంబ వైద్యశాస్త్రము చదివి డాక్టరై, 1957లో విజయవాడ నుండి లోకసభకు ఎన్నుకొనబడెను. ఆమె ప్రసవమును, శిశుపోషణను గూర్చి, ఇంగ్లీషు రాని తల్లులు చదువుకొనునట్లు, తెలుగులో ఒక పుస్తకము వ్రాసెను.