పిడి నెరిగిన పనివాడు: జాన్ బ్రౌనింగు

కత్తిని గూర్చి మాటలాడువారు మొనను గూర్చి చెప్పుదురు. తుపాకిని గూర్చి మాటలాడువారు గొట్టమును గూర్చి చెప్పుదురు. పిడి ఎవరికిని జ్ఞాపకము రాదు. ఐనను పొలములో పార పట్టినవానికిని, కొలిమికడ సుత్తి ఎత్తినవానికిని పనిముట్టు మంచిచెడ్డలు ముందుగా తెలియునది పిడివలననే. చెమట పట్టిన అరచేతిలో నున్నని కర్ర నిలువదు. చేతిలో నిలువని పనిముట్టు ఎంత గొప్పదైనను వ్యర్థమే. పిస్తోలు విషయమున అది వ్యర్థము మాత్రమే గాదు, అపాయకరము కూడ. ఈ యుగపు పిస్తోళ్ళలో పెక్కింటికి మూలపురుషుడైన జాన్ మోజెస్ బ్రౌనింగు జీవితములో ఈ పిడి కథ ఆద్యంతము కనబడును.

బ్రౌనింగు 1855 జనవరి 23వ తేదీన అమెరికాలోని యూటా సీమయందు ఆగ్డెన్ అను పట్టణమున జన్మించెను. తండ్రి జోనాథన్ బ్రౌనింగు తుపాకులు చేయు పనివాడు, మార్మన్ మతస్థుడు. ఆయనకు ముగ్గురు భార్యలు, 22 మంది బిడ్డలు. అంత పెద్ద సంసారములో పిల్లవానికి బడికన్న తండ్రి కొట్టమే దగ్గరైనది. అక్కడ పడియున్న తుక్కు ఇనుముతో, విరిగిన భాగములతో, తన 13వ యేట ఆతడొక తుపాకిని కూర్చెను. కాగితముపై పటములు గీచి పనికి దిగు అలవాటు ఆతనికి చివరివరకు అంతగా లేదు. మనసులో రూపము కుదిరినంతనే ఇనుమును చేతబట్టి మాతృక నొకదానిని చేసి, తప్పైనచో మరల రాపాడి సరిదిద్దుకొనుచుండెను. చేతిలో పట్టి చూచిన పిమ్మటనే తీర్పు చెప్పు పనివానికి పిడి ముఖ్యమగుట సహజమే గదా!

1879లో ఆతడు ఒక్కొక్క తూటా నింపి కాల్చునట్టి తుపాకికి పేటెంటు పొందెను. ఆ సంవత్సరమే తండ్రి మరణించెను. సోదరులందరును కలిసి ఆగ్డెన్‌లో చిన్న కార్ఖానా నడుపుకొనుచుండగా, 1883లో వించెస్టరు సంస్థవారు వెదకికొని వచ్చి ఆ తుపాకిపై హక్కులను 8,000 డాలర్లకు కొనిరి. అటుపిమ్మట దాదాపు ఇరువది సంవత్సరములు ఆతడు చేయుటయు, వారు కొనుటయు జరిగినది.

1889లో జరిగిన యొక చిన్న సంఘటన ఆతని బుద్ధిని క్రొత్తదారి పట్టించినది. తుపాకి ప్రేలినప్పుడు గొట్టమునుండి వెలువడిన వాయువు తాకిడికి దాపునగల గడ్డి ప్రక్కకు వంగుట ఆతని కంటబడెను. అంతకు మునుపు వేలమంది చూచిన దృశ్యమే అది. వృథాగా పోవుచున్న ఆ శక్తితో తుపాకి తన్ను తానే మరల నింపుకొనజాలదా అని తలచినవారు మిక్కిలి కొద్దిమంది. ఆ యోచనయే 1895 నాటి కోల్టు మరతుపాకిగా పరిణమించినది. ఈ స్వయంచాలక విధానమునే, వాయువునకు మారుగా తుపాకి వెనుకకు తన్ను శక్తిని గ్రహించి, ఆతడు పిస్తోలునకు కుదిర్చెను. బెల్జియములో లియేజి నగరపు చెంత నున్న ఎఫ్.ఎన్. అను ఆయుధ సంస్థ ఆ చిన్న పిస్తోలును 1900 ప్రాంతమున విక్రయింప మొదలిడెను. అది ఎంతగా వ్యాపించెననగా, ఫ్రెంచి భాషలో బ్రౌనింగు అను పేరు పిస్తోలునకే పర్యాయపదమైనది.

అమెరికా సైన్యము కోరినది వేరు. ఫిలిప్పీను దీవుల యుద్ధములలో తమ చిన్న తూటాలు చాలలేదని తలచి, సేనాధికారులు అంగుళములో 45 వంతుల వ్యాసముగల పెద్ద తూటాను కోరిరి. అనగా నూటికి నలుబదియైదు వంతులన్నమాట. తూటా పెద్దదైనకొలది పిస్తోలు చేతిని బలముగా తన్నును. అప్పుడు మొదటి పరీక్ష పిడికే. 1905 నాటి కోల్టు నమూనాలో పిడి నిట్రముగా నుండెడిది. తరువాతి నమూనాలలో బ్రౌనింగు దానిని మరికొంత వాలుగా మలచెను. చేయి చాచినంతనే గొట్టము ముంజేతి త్రోవలో నిలుచునట్లు కుదిరెను. పిడి వెనుకవైపున ఒక మీటను అమర్చెను. అరచేయి దానిని గట్టిగా అదిమినగాని పిస్తోలు ప్రేలదు. 1911 మార్చిలో జరిగిన తుది పరీక్షలో ఒకే పిస్తోలునుండి 6,000 తూటాలు కాల్చిరి. వేడెక్కినప్పుడు నీటిలో ముంచి తీసి మరల కాల్చిరట. పోటీకి నిలిచిన సావేజి పిస్తోలు పలుమారులు ఆగిపోయెను గాని, బ్రౌనింగు పిస్తోలు ఒక్కమారైనను ఆగలేదు. మార్చి 29న సైన్యము దానిని స్వీకరించెను.

ఆ పిస్తోలు పిడి ఇరుప్రక్కల అక్రోటు చెక్కలు మరలతో బిగింపబడి యుండెను. వానిపై సన్నని గళ్ళు. వానిని బ్రౌనింగు స్వహస్తముతో చెక్కెనని చెప్పరాదు. అవి హార్టుఫర్డులోని కోల్టు కర్మాగారపు పనితనము. ఇట్టి గళ్ళను చేతితో చెక్కు విధము వినదగినది. పనివాని ఉలికి రెండు వరుసల పండ్లుండును. ఒక వరుస ముందు గీచిన గాడిలో నడచును. రెండవది దాని ప్రక్కన క్రొత్త గాడిని గీయును. అందువలన గీతల నడిమి దూరము మారదు. ఏటవాలుగా ఒక దిక్కున గీచి, మరల ఎదురుదిక్కున గీచినచో, నడుమ మిగిలిన కర్ర చిన్న చిన్న కోనలుగా లేచును. ఆ మొనలు చర్మములో కొంచెముగా నాటుకొని చేయి జారకుండ ఆపును. గాళ్ళలో చెమట, నీరు, నూనె దిగి, పైభాగము పొడిగా నుండును. గీతలు మరీ సన్నమైనచో పట్టు తగ్గును. మరీ మోటైనచో చేయి ఒరసికొనిపోవును. మరల చుట్టును మాత్రము గళ్ళు లేక వజ్రాకారముగా నున్నని భాగమును విడిచిరి. దానిని అలంకారమని పలువురు తలంతురు గాని, రంధ్రము చుట్టునుగల కర్ర బలము చెడి పగులకుండుటకు అది తోడ్పడును.

1914 జూన్ 28న సరయేవో నగరములో ఆస్ట్రియా యువరాజును, ఆయన భార్యను హతమార్చిన గవ్రిలో ప్రిన్సిపు చేతనున్నది ఎఫ్.ఎన్. వారి 1910 నాటి బ్రౌనింగు పిస్తోలే. దానికిని పిడియందు అట్టి రక్షణపు మీటయే కలదు. చేయి గట్టిగా పట్టినదో లేదో ఆ మీటకు తెలియును. ఆ చేయి ఎవరిదో, ఏల పట్టినదో తెలియదు. పనివాని జాగ్రత్త అంతటితో ఆగిపోవును. ఆతని బుద్ధికుశలతను మెచ్చుకొనునప్పుడు ఈ సంగతిని దాచుట న్యాయము గాదు.

ఆ హత్యతో రగిలిన మహాయుద్ధములోనికి 1917లో అమెరికాయు దిగెను. అప్పుడు తన మరతుపాకులు మొదలగువాని హక్కులను బ్రౌనింగు 7,50,000 డాలర్లకే ప్రభుత్వమునకు విడిచెను. రాయల్టీల లెక్కన అంతకు ఎన్నో రెట్లు వచ్చియుండెడిది. ఆతని కుమారుడు వాల్ ఫ్రాన్సు యుద్ధరంగమున నిలిచి తండ్రి చేసిన తుపాకిని కాల్చి చూపెను.

యుద్ధము ముగిసిన పిమ్మట సైనికుల ఫిర్యాదులు పిడిపైననే వచ్చినవి. చిన్న చేతులవారికి మీట అందుట లేదు. గురిచూచినప్పుడు మొన క్రిందికి వాలుచున్నది. వెనుకనున్న సుత్తి బొటనవ్రేలి మొదటిచర్మమును కరచుచున్నది. 1924 మొదలుకొని దిద్దుబాట్లు జరిగినవి. మీట పొట్టిదైనది, దాని వెనుక వ్రేలికై ఉక్కులో పల్లము తీసిరి, సుత్తి కరవకుండ రక్షణపు మీటతోక పొడిగించిరి. పిడి వెనుకభాగమును ఉబ్బెత్తుగా మలచి దానిపై గరుకు గీతలు వేసిరి. పిదప చెక్కలపై వజ్రములు పోయి అంతటను గళ్ళే మిగిలినవి. రెండవ మహాయుద్ధమున చెక్కకు మారు ప్లాస్టిక్కు వచ్చినది. ఈ దిద్దిన రూపమునకు 1926లో సైన్యము క్రొత్త పేరిడెను. ఆ సంవత్సరమే నవంబరు 26న బ్రౌనింగు లియేజి చెంతనున్న కర్మాగారములో, కుమారుని పనిగదిలో, గుండె ఆగి మరణించెను. దేహమును ఆగ్డెన్‌కు చేర్చి అచ్చటనే ఖననము చేసిరి.

ఆతడు విడిచిన చివరి పిస్తోలు పనిని ద్యుదొన్నె సైవు అను బెల్జియను శిల్పి 1935 నాటికి పూర్తిచేసెను. అందు 13 తూటాలు రెండు వరుసలుగా ఇమిడియుండును. అంత లావు పెట్టె పట్టవలసియున్నను పిడి చేతికి లావనిపించదు. ప్రక్క చెక్కలను పలుచన చేయుటయే అందలి కిటుకు. మన దేశమున ఈశాపురపు రైఫిలు కర్మాగారము చేసిన 9 మిల్లీమీటర్ల పిస్తోలు దీని వంశములోనిదే.

1985 వరకు అమెరికా సైన్యమునకు ప్రధానమైన పిస్తోలుగా నుండిన 1911 నమూనాను నేటికిని గురికాల్పు పోటీలలో వాడువారు కలరు. వారిలో కొందరు పిడిచెక్కలపై ఇసుకరేణువుల వంటి గరుకుగల జిగురుపట్టీని కత్తిరించి అంటించుకొందురు. ముందుగా నూనెజిడ్డును స్పిరిటుతో తుడువవలెను. అంచులను గుండ్రముగా కోయవలెను, లేనిచో లేచివచ్చును. గరుకు హెచ్చైనచో చొక్కా అంచును, నడుముచర్మమును కూడ ఒరయును. చెక్కిన గళ్ళపై ఈ పట్టీ నిలువదు. మొనలకే అంటి, కొలది దినములలో ఊడిపోవును. కాబట్టి తెలిసినవారు పాత అక్రోటు చెక్కల మరలను విప్పి, వానిని గుడ్డలో చుట్టి దాచి, నున్నని చెక్కలను క్రొత్తగా బిగించి వానిపై అంటింతురు.