రెండు కార్బ్యురేటర్లకు ఒకే ఊపిరి

పదకొండో తరగతిలో బెర్నౌలీ సూత్రం చెప్పేటప్పుడు మా ఫిజిక్స్ సార్ కార్బ్యురేటర్‌ను ఉదాహరణగా చూపించారు. గొట్టం ఇరుకైన చోట గాలి వేగం పెరుగుతుంది. అక్కడ పీడనం తగ్గుతుంది. ఆ తగ్గిన పీడనం వల్ల పెట్రోలు పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. బోర్డు మీద పాఠం మూడు గీతల్లో అయిపోయింది. ఆ మూడు గీతలతోనే ఎంతోమంది ప్రాణాలు కాపాడిన ఒక ఇంజనీరు ఉన్నారని మాకు తరవాత తెలిసింది. ఆమె పేరు బీట్రిస్ షిల్లింగ్.

బీట్రిస్ 1909 మార్చి 8న ఇంగ్లండులోని హాంప్‌షైర్ ప్రాంతంలో, వాటర్‌లూవిల్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి మాంసం వ్యాపారి. పద్నాలుగేళ్ల వయసులో ఆమె ఒక రాయల్ ఎన్‌ఫీల్డ్ మోటార్ సైకిల్ కొనుక్కున్నారు. నడపడం ఒక్కటే కాదు, దాన్ని విప్పి మళ్లీ బిగించడం కూడా ఆమెకు సరదా. చదువు ముగిశాక మార్గరెట్ పార్ట్‌రిడ్జ్ అనే మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు దగ్గర పనిలో చేరారు. ఆమె ప్రోత్సాహంతోనే మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివారు. ఆ ఏడాది ఆ కోర్సులో చేరిన అమ్మాయిలు ఇద్దరే. 1932లో డిగ్రీ, మరుసటి ఏడాది మెకానికల్ ఇంజనీరింగులో మాస్టర్స్ పూర్తయ్యాయి.

1934లో బ్రూక్‌ల్యాండ్స్ రేసు ట్రాక్ మీద తన నార్టన్ బండితో గంటకు 106 మైళ్ల వేగంతో, అంటే సుమారు 170 కిలోమీటర్ల వేగంతో ఒక చుట్టు పూర్తి చేశారు. అక్కడ 100 మైళ్లు దాటినవారికి ఇచ్చే గోల్డ్ స్టార్ అందుకున్నారు. 1936లో ఫార్న్‌బరోలోని విమాన పరిశోధన సంస్థలో చేరారు. మొదట ఇచ్చిన పని సాంకేతిక పుస్తకాలు రాయడం. అది ఆమె మనసుకు నచ్చిన పని కాదు. కొంతకాలానికి కార్బ్యురేటర్ల విభాగానికి వచ్చారు. 1938లో అక్కడే పనిచేసే జార్జ్ నేలర్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆయన కూడా రేసుల మనిషే.

అంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. బ్రిటన్‌కు అండగా నిలిచిన స్పిట్‌ఫైర్, హరికేన్ యుద్ధ విమానాల్లో రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజను ఉండేది. దాని కార్బ్యురేటర్ ఎస్.యు. కంపెనీది. అందులో పెట్రోలు ఒక చిన్న గదిలో నిలిచి ఉంటుంది. మన ఇళ్ల మీది నీళ్ల ట్యాంకులో బంతి ఉన్నట్టే, ఆ గదిలో తేలే ఫ్లోటు ఉంటుంది. మట్టం పెరిగితే ఫ్లోటు లేచి దారి మూస్తుంది.

విమానం తిన్నగా ఎగిరినంతసేపు ఇబ్బంది లేదు. పైలట్ ఒక్కసారిగా ముక్కు కిందికి వంచితే మాత్రం పెట్రోలు గది పైకప్పుకు ఎగురుతుంది. ముందు ఇంజనుకు పెట్రోలు అందక దగ్గుతుంది. తరవాత ఫ్లోటు లెక్క తప్పి, పంపు నుంచి పెట్రోలు వరదలా వచ్చిపడుతుంది. మితిమీరిన పెట్రోలుతో ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోవచ్చు కూడా. జర్మనీ మెసర్‌ష్మిట్ 109 విమానానికి పెట్రోలును నేరుగా సిలిండర్లలోకి చిమ్మే ఏర్పాటు ఉండడంతో ఈ బాధ లేదు. అది సూటిగా కిందికి దూకి తప్పించుకునేది. వెంటపడే బ్రిటిష్ పైలట్ ముందు విమానాన్ని తిరగేసి ఆ తరవాత దూకాలి. ఆ కొద్ది క్షణాల్లోనే శత్రువు చేజారేవాడు. ఒక్కోసారి పైలట్ ప్రాణానికే ముప్పు వచ్చేది.

బీట్రిస్ కొత్త కార్బ్యురేటర్ కోసం ఎదురుచూడలేదు. ఇంజను పూర్తి శక్తితో నడిచేటప్పుడు దానికి గరిష్ఠంగా ఎంత పెట్రోలు కావాలో లెక్కకట్టారు. సరిగ్గా అంతే పోయేలా, నడుమ రంధ్రం ఉన్న ఒక చిన్న లోహపు బిళ్లను తయారుచేసి పెట్రోలు దారిలో పెట్టించారు. ఇక వరద రాదు. దాన్ని బిగించడానికి విమానాన్ని విధుల నుంచి తప్పించే పని కూడా లేదు. 1941 మొదట్లో ఆమె తన చిన్న బృందంతో వైమానిక స్థావరాలన్నీ తిరిగి వాటిని అమర్చారు. ఆమె మాత్రం తన మోటార్ సైకిల్ మీదే వెళ్లేవారు. ఆ బిళ్లకు పైలట్లు ఆమె పేరే పెట్టుకున్నారు. 1940లో మన దేశం నుంచి బ్రిటన్‌కు వెళ్లిన ఇరవై నలుగురు పైలట్లలో ఒకరైన మహీందర్ సింగ్ పుజ్జీ ఆ 1941లో నడిపింది కూడా హరికేన్ విమానమే.

అది పూర్తి పరిష్కారం కాదు. మొదటి చిన్న దగ్గు మిగిలే ఉంది. కానీ ఇంజను ఆగిపోయే ప్రమాదం తప్పింది. 1943లో కొత్తరకం కార్బ్యురేటర్లు వచ్చేదాకా ఆ బిళ్లే ఆదుకుంది.

యుద్ధం తరవాత భార్యాభర్తలిద్దరూ కార్ల రేసుల్లోకి వచ్చారు. మొదట లగోండా రేపియర్, తరవాత ఆస్టిన్ హీలీ సెబ్రింగ్ స్ప్రైట్ నడిపారు. స్ప్రైట్ కార్లు ఫ్యాక్టరీ నుంచి రెండేసి ఎస్.యు. కార్బ్యురేటర్లతోనే వచ్చేవి. మెర్లిన్‌కు కార్బ్యురేటర్ చేసిన కంపెనీయే ఇదీ చేసింది. అలాంటి కారును శ్రుతి చేయడం ఎలాగో తెలుసుకుంటే ఆమె చేసిన పని విలువ మనకు ఇంకా బాగా తెలుస్తుంది.

నాలుగు సిలిండర్లలో ముందు రెండింటికి ఒక కార్బ్యురేటర్, వెనక రెండింటికి ఇంకొకటి. ఒకటి ఎక్కువ గాలి పీల్చి, మరొకటి తక్కువ పీల్చిందంటే ఇంజను వణుకుతుంది. అందుకే ముందు ప్లగ్గులు, వాల్వుల సందులు, ఇగ్నిషన్ సరిగా ఉన్నాయో లేదో చూడాలి. వాటి తప్పు కార్బ్యురేటర్ మీదికి రాకూడదు కదా! ఇంజను బాగా వేడెక్కాక గాలి ఫిల్టర్లు తీసి, రెంటినీ కలిపే కడ్డీ బిగింపు వదులు చేయాలి. ఒక రబ్బరు గొట్టం కొస చెవి దగ్గర, రెండో కొస కార్బ్యురేటర్ మూతి దగ్గర పెట్టి బుస వినాలి. రెండింటి బుస ఒకేలా వినిపించేదాకా మరలు కొద్దికొద్దిగా తిప్పాలి.

తరవాత పెట్రోలు పాళ్లు. లోపలి పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు కంటే తక్కువగా ఎత్తి చూడాలి. ఇంజను వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైనట్టు. ఆగిపోబోతే తక్కువైనట్టు. కాస్త పెరిగి మళ్లీ మామూలైతే సరిపోయినట్టు. ఒకదాన్ని సరిచేస్తే రెండోది మారుతుంది కాబట్టి మళ్లీ మొదటిదాన్ని చూడాలి. చివరికి కడ్డీ బిగించి, పెడల్ నొక్కితే రెండూ ఒకేసారి తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి. తంబురా తీగలు శ్రుతి చేసినట్టే ఇందులోనూ తొందర పనికిరాదు.

బీట్రిస్ 1969 వరకు అదే సంస్థలో పనిచేశారు. తడిసిన రన్‌వే మీద విమానాల బ్రేకుల గురించి కూడా పరిశోధించారు. 1990 నవంబరులో కన్నుమూశారు. మన దేశంలో 2020లో బి.ఎస్. 6 నిబంధనలు వచ్చాక కొత్త బళ్లలో కార్బ్యురేటర్ దాదాపు కనుమరుగైంది. అయినా ఆమె నేర్పిన పాఠం పాతబడలేదు. ముందు శ్రద్ధగా వినాలి, తరవాత కొలవాలి, ఎంత అవసరమో అంతే ఇవ్వాలి. మా ఫిజిక్స్ నోటుపుస్తకంలో ఆ మూడు గీతల పక్కన ఇప్పుడు ఆమె పేరు కూడా రాసుకున్నాం.