విజ్జీ (పూసపాటి విజయానంద గజపతిరాజు)

పూసపాటి విజయానంద గజపతిరాజు (డిసెంబరు 28, 1905 - డిసెంబరు 2, 1965) విజయనగరం రాజకుటుంబానికి చెందిన క్రికెట్ క్రీడాకారుడు, రాజకీయ నాయకుడు. క్రికెట్ లోకంలో ఈయన విజ్జీగా ప్రసిద్ధుడు. అజ్మీరులోని మేయో కళాశాలలోను, ఇంగ్లాండులోను చదివారు. తరువాత కాశీలో స్థిరపడ్డారు.

1930-31లో ఇంగ్లాండు జట్టు పర్యటన శాసనోల్లంఘన ఉద్యమం కారణంగా రద్దు కాగా, విజ్జీ సొంత ఖర్చుతో జట్టును సమకూర్చి, జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్‌లను రప్పించి భారతదేశంలోను, సింహళంలోను ఆడించారు.

1936 ఇంగ్లాండు పర్యటనకు ఈయనే నాయకుడు. 1932లో భారత తొలి టెస్టు జట్టును నడిపిన సి.కె.నాయుడు ఈయన క్రింద ఆడవలసివచ్చింది. ఆటను బట్టి చూస్తే ఈ ఎంపిక సమర్థనీయం కాదు. మూడు టెస్టుల్లో విజ్జీ చేసినవి 33 పరుగులే. పర్యటనలో బాగా రాణిస్తున్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో మొదటి టెస్టుకు ముందే స్వదేశానికి పంపివేశారు. భారత్ రెండు టెస్టులు ఓడి, మాంచెస్టరులో డ్రా చేసుకొంది. ఆ ఏడే విజ్జీకి సర్ బిరుదు లభించింది. దానిని 1947లో వదులుకొన్నారు. పర్యటనపై విచారించిన బ్యూమాంట్ సంఘం 1937లో ఈయన నాయకత్వాన్ని తప్పుపట్టి, అమర్‌నాథ్‌ను నిర్దోషిగా తేల్చింది.

ఆటగాడిగా కంటే నిర్వాహకుడిగానే ఈయన సేవ ఎక్కువ. 1954లో భారత క్రికెట్ బోర్డు అధ్యక్షుడయ్యారు. ఉత్తరప్రదేశ్ తరపున ఆడడానికి వృద్ధుడైన నాయుడిని ఒప్పించినది కూడా ఈయనే. రేడియో వ్యాఖ్యాతగానూ పేరుపొందారు. 1958లో పద్మభూషణ్ లభించింది. 1962లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. కాశీలో మరణించారు. విశ్వవిద్యాలయ జట్ల మధ్య జరిగే విజ్జీ ట్రోఫీకి ఈయన పేరే పెట్టారు.